మూలన పడటం కాదు, మూల వెదుక్కోవడం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. అందుచేత నేను ఆ జోలికి పోకుండా, మన సంఘం అజెండాలో ఇంతవరకూ చోటు దొరకని విషయం ఒకటి మీ ముందుంచుతాను. అదేమిటంటే, రిటైరైన మనిషి ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి?

నవ్వకండి. మూడు దశాబ్దాల పైచిలుకు సర్వీసు చేసినవాళ్లం, ఇది కూడా తెలియదా అనుకోవచ్చు. నాకైతే తెలియలేదు. తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల అనుభవమే ఈవేళ మీతో మనవి చేసుకుంటాను.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది యజమాని దయతో పడేసే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. ఆ తీర్పు పుణ్యమా అని ఏటా ఈ తేదీన మనం ఇలా కలుసుకుంటున్నాం. బ్యాంకు పుస్తకంలో మన హక్కేమిటో ఆ తీర్పు చెప్పింది. ఇంట్లో మన చోటేమిటో మాత్రం మనమే తేల్చుకోవాలి.

నేను 2011లో ధవళేశ్వరంలోని నీటిపారుదల కార్యాలయం నుంచి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. అప్పటికి వయోపరిమితి 58. తర్వాత 2014లో 60కి, 2022లో 62కి పెంచారు. ఆ అదృష్టం మా బ్యాచికి పట్టలేదు. ఆఫీసులో నాకు ఉత్తరం కిటికీ పక్కన ఒక డ్రాయింగ్ బల్ల, ఎత్తు స్టూలు ఉండేవి. బల్ల సొరుగుకి తాళం ఉండేది. అందులో రహస్యాలేమీ లేవు. అరిగిపోయిన రబ్బర్లు, నాలుగు పెన్సిళ్లు, ఒక జంతికల పొట్లం. అయినా అది నాది. పదిమంది మధ్య కూర్చున్నా, బల్ల మీదికి వంగి గీత గీస్తున్నంతసేపూ నన్నెవరూ కదిపేవారు కారు. అది ఏకాంతమని అప్పట్లో నాకు తెలియదు. పని అనుకునేవాణ్ణి.

దండ వేశారు, శాలువా కప్పారు, జీపులో తెచ్చి ఇంటి దగ్గర దింపారు. మర్నాడు పదిగంటలకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్లో సోఫాలో కూర్చున్నాను. అదిగో, అక్కణ్ణుంచి మొదలైంది కథ.

1994లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని రాజమండ్రిలో కట్టుకున్న ఇల్లు మాది. ముందు హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, వెనక వసారా, చిన్న పెరడు. అప్పట్లో మా అబ్బాయి, కోడలు, మనవడు మాతోనే ఉండేవారు. నేను హాల్లో కూర్చుంటే టీవీ గొంతు తగ్గేది. మనవడు బంతి పట్టుకుని బయటికి పోయేవాడు. నేను పేపరు తిరగేస్తున్నా సరే, ఇన్‌స్పెక్షనుకి వచ్చిన అధికారి ఎదురుగా ఉన్నట్లు అందరూ ఒదిగి ఒదిగి తిరిగేవారు. ఒకరోజు మా కోడలు ఫోనులో ఎవరో స్నేహితురాలితో, "ఇవాళ వద్దులే, మామయ్యగారు హాల్లో ఉన్నారు" అనడం చెవిన పడింది. ఆ పిల్ల విసుగ్గా అనలేదు. వర్షం పడుతోంది, రావద్దు అన్నట్లు మామూలుగా అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను కట్టిన ఇంట్లో నేనొక వాతావరణ సమస్యనైపోయాను!

సరే, హాలు వదిలేసి పడకగదిలోకి వెళ్లాను. అక్కడ మంచం తప్ప మరేమీ లేదు. మంచం మీద కూర్చున్నవాడు కాసేపటికి ఒరుగుతాడు, ఒరిగినవాడు కునుకుతాడు. పగలంతా కునికితే రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుని సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవాలి. మంచం పడుకోవడానికే గాని కూర్చోవడానికి కాదని నెలరోజుల్లో తేలిపోయింది.

అప్పుడు నాకు నేనే ఒక మూల కట్టుకోవాలనుకున్నాను. మన వాడుకలో పనికిరాని వస్తువు 'మూలన పడింది' అంటాం. రిటైరైన మనిషి ఎలాగూ మూలన పడతాడు. ఎవరో పడేసేదాకా ఆగకుండా మన మూల మనమే వెదుక్కుంటే గౌరవంగా ఉంటుంది. దానికి గది అక్కర్లేదు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు చాలు. ఒక కుర్చీ, పక్కన ఒక చిన్న స్టూలు, కాళ్లు చాపుకోవడానికి చోటు. ఇంకా మిగిలిపోతుంది.

ఈ మూల ఎలా ఉండాలో నా అనుభవం కొద్దీ నాలుగు ముక్కలు చెబుతాను. రాసుకోదలచినవారు రాసుకోవచ్చు.

మొదటిది వెలుతురు. వయసుతోపాటు మన కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. 20 ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతు మాత్రమే 60 ఏళ్ల కంటికి చేరుతుంది. కనుక పిల్లలకు చాలిన దీపం మనకు చాలదు. 'లైటు దండగ' అని గొణుక్కోకండి. ఇప్పటి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పాత 60 వాట్ల బల్బుకి దీటుగా వెలుగుతుంది. దాన్ని ఎదురుగా కాకుండా ఎడమ భుజం వెనక నుంచి పడేటట్లు పెట్టుకోండి. రాసేటప్పుడు మన చేతి నీడ కాగితం మీద పడదు. ఇది డ్రాయింగు ఆఫీసులో నేర్చుకున్న మొదటి పాఠం. స్విచ్చి మాత్రం కుర్చీలోంచి లేవకుండా అందాలి.

రెండవది దిక్కు. వాస్తు మాట అటుంచి, సూర్యుడి మాట చూడండి. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణం పక్కగా నడుస్తాడు. అందుచేత ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదు, నిలకడైన వెలుతురు మాత్రం వస్తుంది. వేసవి నెలల్లో పొద్దున, సాయంత్రం కాస్త ఏటవాలు ఎండ తగిలితే ఒక వెదురు తడిక కట్టుకుంటే సరి. పడమటి గోడ పక్కన మాత్రం కూర్చోకండి. మధ్యాహ్నమంతా ఎండ తాగిన ఇటుక గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రోహిణీ కార్తెలో అది కుర్చీ కాదు, కుంపటి.

మూడవది కుర్చీ. నేను ముందు మా నాన్నగారి పడక్కుర్చీ అటక మీద నుంచి దింపి, కొత్త గుడ్డ కుట్టించాను. కూర్చోవడం స్వర్గంలా ఉండేది. లేవడానికి మాత్రం మనవణ్ణి పిలవాల్సి వచ్చేది. ఏకాంతం కోసం కూర్చుని, లేవడానికి మనిషిని పిలిస్తే ఇక ఏకాంతమేముంది? చివరికి వడ్రంగి చేత చేతులున్న చెక్క కుర్చీ చేయించుకున్నాను. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, చేతుల మీద బరువు వేసి లేవగలగాలి. నాకు నేల నుంచి 17 అంగుళాల ఎత్తు సరిపోయింది. మీ కాలి పొడవుని బట్టి మీరు కొలుచుకోండి. కుర్చీ దగ్గర జారే పట్టాలు, కాళ్లకడ్డం పడే వైర్లు ఉండకూడదు. స్టూలు మీద మంచినీళ్లు, కళ్లజోడు, ఫోను ఉంటే చాలు.

నాలుగవది గడియ. దాని సంగతి కాసేపాగి చెబుతాను. అది కొంచెం బాధాకరమైన విషయం.

ఇలా ముందుగది ఉత్తరపు కిటికీ పక్కన నా మూల తయారైంది. పొద్దున టిఫిను తర్వాత ఒక గంట, సాయంత్రం ఒక గంట అక్కడ కూర్చునేవాణ్ణి. చదివేది కొంత, పాత ఉత్తరాలు సర్దుకునేది కొంత, ఊరికే వీధిలోకి చూసేది ఎక్కువ. హాల్లో టీవీ గొంతు పెరిగింది. కోడలి స్నేహితురాళ్లు రావడం మొదలుపెట్టారు. మనవడు తనంతట తానే వచ్చి కిటికీ చప్టా ఎక్కి కూర్చునేవాడు. నేను గొప్ప పని చేశానని పొంగిపోయాను. ఇక్కడితో ఆపేస్తే చక్కటి ఉపన్యాసమే అవును. కాని అసలు సంగతి ఇప్పుడే మొదలు.

అలవాటు చావదంటారు. 2014లో ఒకనాడు గ్రాఫు కాగితం తీసుకుని మా ఇంటి ప్లాను గీశాను. పుస్తకాల బీరువా ఎక్కడ పడుతుందో చూద్దామని నా ఉద్దేశం. గీశాక సరదా పుట్టి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో చుక్కలు పెట్టాను. కిటికీ పక్కన నా చుక్క. తన గదిలో కంప్యూటరు ముందు అబ్బాయి చుక్క. హాల్లో సోఫా చివర కోడలి చుక్క. కిటికీ చప్టా మీద మనవడిది. ఇక మా ఆవిడది. పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. వంటింట్లో పెడదామంటే అక్కడ ఆవిడ కూర్చోదు, నిలబడుతుంది. పడకగదిలో అందరికంటే చివర నడుం వాల్చి, అందరికంటే ముందు లేస్తుంది. హాల్లో అందరికీ వడ్డించి గడప దగ్గర కాస్త ఆనుకుంటుంది. ముప్ఫై అయిదేళ్ల కాపురం తర్వాత ఆవిడ చుక్క ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఎందరెందరో కట్టుకునే కట్టడాలకి అంగుళం తేడా రాకుండా ప్లానులు గీసినవాణ్ణి!

సాయంత్రం ఆవిణ్ణే అడిగాను. "నువ్వు ఇంట్లో నీకోసం ఎక్కడ కూర్చుంటావు?" అని.

ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "ఇప్పుడా? మీరు రిటైరవకముందా?" అంది.

"రెండూ చెప్పు" అన్నాను.

అప్పుడు చెప్పింది. నేను ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లాక, గిన్నెలు కడుక్కుని, మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా పెరటి మెట్టు మీద కూర్చునేదట. కరివేపాకు చెట్టు నీడ అక్కడికి వస్తుంది. ఆ గంటా ఆవిడది. నేను రిటైరయ్యాక మూడింటికల్లా "టీ పెడతావా?" అని పిలవడం మొదలుపెట్టాను. మొదట్లో మెట్టు మీద నుంచి లేచి వచ్చేది. పదిసార్లు లేచాక, ఇక కూర్చోవడమే మానేసింది.

"మరి చెప్పవేం?" అన్నాను.

"ఏమని చెప్పనండీ? టీ అడగొద్దని చెప్పనా?" అంది.

మిత్రులారా, నా బల్లా, నా సొరుగూ ప్రభుత్వం తీసేసుకున్నాయని నేను మూడేళ్లు బాధపడ్డాను. ఆవిడ మెట్టుని మాత్రం నేనే తీసేసుకున్నాను. నాకు దండ వేసి, శాలువా కప్పి పంపించారు. ఆవిడ గంట పోయినందుకు ఎవరూ సభ పెట్టలేదు.

దేవుడి గదిలో ఒక పీట వేయిద్దాం, అక్కడ ప్రశాంతంగా ఉంటుందన్నాను. "దేవుడి గదిలో కూచుంటే పిల్లల కోసం, మీ కోసం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. అదీ పనే" అంది. వెనక వసారాలో వాడకుండా పడున్న రుబ్బురోలు పక్కన చోటు చూపించి, అక్కడైతే చాలంది. రోలు జరిపించాం. ఆవిడకి చేతుల కుర్చీ వద్దు, వాలు వీపున్న తక్కువ ఎత్తు కుర్చీ వేయించమంది. ఆవిడ మోకాళ్లు నా మోకాళ్ల కంటే నయం లెండి. మధ్యాహ్నం కాంతి కళ్లలో పడకుండా చిన్న తడిక కట్టాను. ఆవిడ ఒకటే షరతు పెట్టింది. రెండున్నర నుంచి మూడున్నర దాకా ఇల్లు కాలిపోతే తప్ప ఎవరూ పిలవకూడదు.

మొదటి రోజు మూడింటికి నాకు ప్రాణం లాగింది. టీ నేనే పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. టీపొడి దొరకలేదు. టీపొడి డబ్బా మీద 'టీ' అని రాసుంటుందనుకునే అమాయకుణ్ణి. పావుగంట వెతికాక తెలిసింది, అది పాత హార్లిక్స్ సీసాలో ఉంటుందని. అడుగుదామని వసారా దాకా వెళ్లి, గుమ్మంలోంచి చూసి, వెనక్కి వచ్చేశాను. ఆవిడ ఏమీ చేయడం లేదు. పుస్తకం లేదు, జపమాల లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని చెట్టు వంక చూస్తోంది. ఆవిడ ముఖం అంత తేరుకుని ఉండగా నేను చాలా ఏళ్లుగా చూడలేదు. ఇప్పుడు రెండు కప్పుల టీ నేనే కలుపుతాను. మూడున్నరకి ఒకటి వసారాలోకి వెళుతుంది.

మనం మగవాళ్లం, మనకి బయట చోట్లు బోలెడున్నాయి. పుష్కర్ ఘాట్ మెట్లున్నాయి, గౌతమీ గ్రంథాలయం బల్లలున్నాయి, మన సంఘం ఆఫీసులో క్యారమ్ బోర్డుంది. పాతకాలపు ఇళ్లలోనూ వీధి అరుగులు మన తాతలవే. మన అమ్మలకి మిగిలింది మధ్యాహ్నం పూట వెనక వసారా. ఈనాటి అపార్టుమెంట్లలో అదీ లేదు. వంటింటి వెనక రెండడుగుల బాల్కనీ ఉంటే అందులో వాషింగ్ మెషీను పెట్టాం.

ఇప్పుడు గడియ సంగతి. మా సర్కిల్లోనే పనిచేసిన మిత్రుడొకాయన, పేరు చెప్పను, భార్య పోయాక మేడ మీద గదిలోకి మారాడు. "నా మానాన నన్ను వదిలేయండిరా" అన్నాడు. పిల్లలు మంచివాళ్లే. సరేనని భోజనం పైకి పంపేవారు. మొదట ఒక పూట కిందికి వచ్చేవాడు, తర్వాత వారానికోసారి, తర్వాత అదీ లేదు. నేను రెండుసార్లు వెళ్లి, "నిద్రపోతున్నారు" అంటే తిరిగొచ్చాను. మూడోసారి వెళ్లలేదు. ఆ తప్పు నాది. ఒకనాడు గదిలో జారిపడ్డాడు. లోపల గడియ వేసుంది. తలుపు పగలగొట్టేసరికి చాలా సమయం గడిచింది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఎనిమిది నెలలే ఉన్నాడు.

ఆయన కోరుకున్నది ఏకాంతం. చివరికి దొరికింది ఒంటరితనం. రెంటికీ తేడా ఏమిటంటే, ఏకాంతంలోకి మనం నడిచి వెళతాం, టైమవగానే నడిచి వస్తాం. అక్కణ్ణుంచి రావాలనిపించడం మానేసిందంటే, తిండి మీద, మనుషుల మీద ఇష్టం పోయి రెండు వారాలు దాటిందంటే, అది ప్రశాంతత కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఎల్డర్ లైను, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416 అనే టెలిమానస్ నంబరు ప్రభుత్వమే పెట్టింది. డబ్బు తీసుకోరు. కనుక మన మూలకి తెర ఉండొచ్చు, గడియ ఉండకూడదు. ఇంట్లోవాళ్లకి మన వేళ తెలిసి ఉండాలి. ఆ వేళ దాటితే ఎవరో ఒకరు వచ్చి చూడాలి.

"మాకు సొంత ఇల్లు లేదు, కొడుకు దగ్గర ఒక గదిలో మనవడితో పాటు ఉంటున్నాం" అనేవారు ఈ సభలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వారికి నా సలహా ఒకటే. చోటు లేనప్పుడు వేళనైనా అడిగి తీసుకోండి. మంచం తలవైపు కిటికీ నుంచి కాస్త జరిపి, ఆ సందులో ఒక కుర్చీ వేసుకోండి. బీరువాని గోడకి ఆనించకుండా అడ్డంగా తిప్పితే దాని వెనక ఒక మూల పుడుతుంది. అయితే తలుపు తీసినప్పుడు ముందుకు ఒరగకుండా గోడకి బిగించడం మరవకండి. మనవడు బడికి వెళ్లిన వేళ ఆ గది మీది. వాడు వచ్చిన వేళ వాడిది. పిల్లలతో ఈ సంగతి మొహమాటం లేకుండా మాట్లాడండి. అలిగి చెబితే ఫిర్యాదవుతుంది, నవ్వుతూ చెబితే ఏర్పాటవుతుంది.

చివరగా ఒక్క విజ్ఞప్తి. ఫ్యామిలీ పెన్షను కాగితంలో మనందరం భార్య పేరు రాశాం. అది మనం పోయాక ఆవిడకి దక్కేది. మనం ఉండగా ఆవిడకి ఏం దక్కుతోంది? ఈవేళ ఇంటికెళ్లాక ఒక కాగితం మీద మీ ఇంటి ప్లాను గీయండి. స్కేలుతో పనిలేదు, నేను మార్కులు వేయను. ఇంట్లో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క చుక్క పెట్టండి. చుక్క పెట్టడానికి చోటు దొరకని మనిషి ఎవరో చూడండి. ముందు వారి కుర్చీ వేయండి, తర్వాత మీది. నేను తిరగేసి చేశాను కనుక చెబుతున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. మూడుంపావు అయింది. మా ఆవిడ అదిగో, వెనక నుంచి మూడో వరుసలో కూర్చుంది. నా ఉపన్యాసం కోసం ఈవేళ తన గంటని వదులుకుని వచ్చింది. అది నా ఖాతాలో బకాయి. రేపు రెండున్నరకి ఎరియర్సుతో సహా చెల్లించుకుంటానని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను.